మేడి కట్టిన సైకిలు

రెండువేల అయిదులో వినాయక చవితి దాటిన మూడో రోజున నేను వనపర్తి నుంచి మా ఊరికి రెండు సైకిళ్లతో వచ్చాను. ఒకటి తొక్కుతూ, ఇంకొకటి పక్కన చేత్తో నడిపించుకుంటూ. తొక్కినది నాది. చేత పట్టుకున్నది ఆడవాళ్ల సైకిలు, నడుమ కడ్డీ లేనిది. దవాఖానలో పని చేసి దిగిపోయిన ఒక నర్సమ్మ దగ్గర కొన్నాను. ఆత్మకూరు దాటి ఊరు చేరేసరికి కుడి చెయ్యి భుజం దాకా తిమ్మిరెక్కి, గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికాయి.

నా భార్య కిష్టమ్మ వాకిట్లో చేట పట్టుకొని కూర్చుంది.

"ఎవరికది?"

"సరోజకు."

"ఎందుకు?"

"బడికి."

చేట కింద పెట్టింది. మళ్లీ ఎత్తుకుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అయితే నేనూ పెద్దగా మాట్లాడే మనిషిని కాను కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

సరోజ మా కోడలు. ఇంటర్ పాసయింది. మా ఇంటికి వచ్చి ఏడాదిన్నర. మా కొడుకు మల్లేశు దేవరాజు మేస్త్రీ గుంపులో పుణెకు పోయి రాళ్ల పని చేస్తున్నాడు. ఆ ఎండాకాలంలోనే దేవరాజు కబురు పంపాడు, కార్తీక పున్నమి నాటికి జీపు తెస్తానని, ఇక మీదట జోడీలకే పని అని. మొగుడు రాయి కొడితే పెళ్లాం తట్ట మొయ్యాలి, ఒంటి మనుషులు వద్దని. సరోజ ఆ మాట విన్నది. మరునాడు తన పెట్టె తెరిచి సర్టిఫికెట్లు తీసి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ పెట్టెలో పెట్టింది. నేను చూశాను.

చవితికి ముందు గుట్టకిందిపల్లె బడికి విద్యా వాలంటీరు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టించాను. ఆమెకే వచ్చింది. ఆ బడి మా ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. మా ఊరి నుంచి అక్కడికి బస్సు లేదు. అంతకు ముందు పెట్టినవాళ్లు పన్నెండింటికి వచ్చి రెండింటికి వెళ్లిపోయేవాళ్లట. అందుకని హెడ్మాస్టరు భానుప్రకాశ్ సారు మొదటి రోజే చెప్పాడు.

"తొమ్మిదిన్నరకు బడిలో ఉండాలమ్మా. మూడుసార్లు ఆలస్యమైతే పైకి రాసి పంపుతాను. లిస్టులో నీ తర్వాత ఇంకో పేరుంది."

బడి నిలబడితే సరోజ ఇక్కడ. నిలబడకపోతే పున్నమి జీపులో పుణెకు. లెక్క అంతే.

*

నేర్పడానికి ఒక చిక్కు వచ్చింది. సైకిలు నేర్పేవాడు వెనక సీటు పట్టుకోవాలి. పడబోతే మనిషిని పట్టుకోవాలి. మామ కోడలిని ఎట్లా పట్టుకుంటాడు? మా ఇళ్లలో కోడలు మామ ముందు మంచం మీద కూడా కూర్చోదు. కిష్టమ్మకు సైకిలు రాదు, వచ్చినా ఆమె రాదు.

ఒక పూట ఆలోచించాను. దొడ్లో పాత నాగలి ఉంది, దుంప పగిలింది గానీ చేత్తో పట్టుకునే మేడి గట్టిగానే ఉంది. దాన్ని ఊడదీసి క్యారియర్‌కు వెనకగా నిలబెట్టి, నార తాడుతో బిగించి కట్టాను. సైకిలు ముందు, చేతిలో మేడి, వెనక నేను. నలభై ఏళ్లుగా తెలిసిన పనే.

పొద్దున్నే కళ్లంలో మొదలుపెట్టాము. సరోజ కొంగు తల మీద కప్పుకొని, అంచు నోట్లో కరిచి పట్టుకొని ఎక్కింది. రెండు చుట్లు తిరిగేసరికి పక్కింటి జోగులమ్మ బిందెతో వచ్చి నిలబడింది.

"ఏం వీరన్నా, ఎడ్లు అమ్ముకున్నవా? కోడల్ని కట్టినవ్ నాగలికి!"

"సాలు వంకర పోతది, జరుగు జోగులమ్మా."

"ఎనకనె నేను ఇత్తులు చల్లుకుంట రావాల్నా?"

సరోజకు నవ్వొచ్చి కొంగు నోట్లోంచి జారింది. సైకిలు పోయి గడ్డివాము మీద పడింది. ఆమె లేచి గడ్డి దులుపుకుంటూ నా వైపు చూడకుండా అడిగింది.

"మామా, నువ్వు 'హో' అన్నవ్. ఆగమనా, తిరగమనా?"

నాకు తెలియకుండానే ఎద్దులకు చెప్పినట్టు చెబుతున్నాను. "హో అంటె ఆగాలె బిడ్డా. దా దా అంటె పోవాలె," అన్నాను. ఆ నాటి నుంచి అట్లాగే నడిచింది. ఆరో రోజుకు మేడి మీద నా చెయ్యి ఊరికే ఉంది. దున్నేటప్పుడు కూడా అంతే, ఎద్దుకు సాలు తెలిసిపోయాక నొక్కే పని ఉండదు. చెయ్యి తీసేశాను. ఆమె ఇంకా రెండు చుట్లు తిరిగింది. వెనక అడుగుల చప్పుడు లేదని తెలిసి పడిపోతుందేమో అనుకున్నాను, పడలేదు.

మేడి విప్పబోతే "ఉండనీ మామా, పుస్తకాల సంచి తగిలించుకుంట," అంది.

*

ఇక తోవ. ఈ చుట్టుపక్కల సైకిలు మీద నేను పోని తోవ లేదు. జూరాల ఆనకట్ట లేనప్పుడు కృష్ణ దగ్గర పుట్టిలో సైకిలు వేసుకొని అవతలికి దాటి, గద్వాల పోయి కిష్టమ్మ పెళ్లి చీర తెచ్చినవాణ్ణి. ఏ తోవలో ఏ పొద్దున గాలి ఎటు కొడుతుందో నాకు తెలుసు. అయితే నేను పోయే తోవ వేరు, ఇరవై ఏళ్ల పిల్ల చీర కట్టుకొని, గంట చూసుకుంటూ పోయే తోవ వేరు. అందుకని నాలుగు రోజులు మళ్లీ తిరిగి చూశాను.

డాంబరు రోడ్డు మీదుగా పోతే నున్నగా ఉంటుంది గానీ పద్నాలుగు కిలోమీటర్లు. లారీ పక్క నుంచి పోయినప్పుడల్లా దాని గాలి సైకిలును లోపలికి లాగుతుంది. గుట్ట మీది కాలిబాట ఏడే కిలోమీటర్లు గానీ రాళ్లు, సగం దూరం దిగి నెట్టాలి. మూడోది నేను కలిపి కుట్టిన తోవ. ఊరి నుంచి బండ్ల బాట, అది డాంబరు రోడ్డును అడ్డంగా దాటి వాగులో దిగి ఎక్కుతుంది, అక్కడి నుంచి కాలువ కట్ట, కట్ట చివర తూము దగ్గర దిగితే బడి కనిపిస్తుంది. తొమ్మిది కిలోమీటర్లు. కాలువ కట్ట చదును, ఎగుడు లేదు, ఎదురయ్యేది మేకలు తప్ప ఏమీ లేదు. మా పల్లి చేను కూడా ఆ కట్ట కిందనే.

క్యాలెండర్ కాగితం వెనక బొగ్గుతో గీసి ఇచ్చాను. సరోజ కింద కూర్చొని చూసింది.

"ఈడ చుక్క పెట్టినవేంది మామా?"

"కుక్కలు. ఎర్రది మొరుగుతది, కరవదు. తెల్లది మొరగదు."

"అయితె తెల్లదాన్నే చూసుకోవాలె."

"పొద్దున పోయేటప్పుడు గాలి ఎనక నుంచి కొడతది. అది నీ బలం అనుకోకు. సాయంత్రం అదే గాలి ఎదురొస్తది, అప్పుడు పరేషాన్ గావొద్దు. మెల్లగ తొక్కు."

అన్ని మాటలు ఒకేసారి నేను మాట్లాడటం ఆమె చూడటం అదే మొదలు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

*

బడికి పోవడం మొదలైన నాలుగో రోజునే మొదటి ఆలస్యం పడింది. నాకు అర్థం కాలేదు. ఎనిమిదిన్నరకు ఇంట్లో బయలుదేరింది, గాలి వెనక నుంచే ఉంది.

"టైరు పోయిందా?"

"లేదు మామా."

"మరేంది?"

ఆమె గుంజ పట్టుకొని నిలబడింది. "దిగి ఎక్కేసరికి లేటయింది."

"ఎందుకు దిగినవ్?"

"పెద్దోళ్లు కనపడితె దిగాలె గద మామా. సైకిలు మీద పోత ఉంటె ఏమనుకుంటరు? ఊరు దాటేసరికి పదకొండు మంది."

అది నిజమే. మా ఊళ్లో కోడళ్లు పెద్దవాళ్ల ముందు చెప్పులు వేసుకొని కూడా నడవరు. పొద్దున ఆ వేళకు ముసలివాళ్లంతా హోటలు ముందర, రచ్చబండ మీద, గోడల నీడన కూర్చొనే ఉంటారు. ఒక్కొక్కరికీ దిగి, కొంగు సర్దుకొని, నాలుగడుగులు నెట్టి, మళ్లీ ఎక్కి. ఇంత తోవ కొలిచి, కుక్కలను కూడా లెక్క పెట్టినవాణ్ణి, మనుషులను మరిచిపోయాను.

కిష్టమ్మ పొయ్యి దగ్గర నుంచి అంది, "పిల్లకు మర్యాద తెలుసు. నేర్పినోళ్లకే తెల్వదు."

మరునాడు పొద్దున సరోజ కన్నా ముందు నేను హోటలు దగ్గరికి పోయాను. చాయ్ తాగలేదు. అందరూ చూస్తుండగా నిలబడి చెప్పాను.

"ఇయ్యాల్టి నుంచి మా కోడలు సైకిలు దిగదు. ఆమె బడికి లేటయితది. తప్పు పట్టేదుంటె నన్ను పట్టుకోండ్రి."

 ఒక ముసలాయన మాత్రం, "దిగకున్నా మంచిదె గని, బెల్లన్నా కొట్టమను. మొన్న నా కాలి మీదికి వచ్చింది," అన్నాడు.

అట్లా ఊరివాళ్లకు దిగడం మానేసింది. నాకు మాత్రం దిగేది. "నాకు దిగకు బిడ్డా," అని రెండుసార్లు చెప్పాను. తల ఊపేది. మళ్లీ కనపడితే దిగేది. అందుకే ఆమెకు కనపడకుండా ఉండటం నేర్చుకున్నాను. నెల రోజులు ఆమె వెనకనే నా సైకిలు మీద పోయాను, ఫర్లాంగు ఎడంతో, క్యారియర్‌కు కొడవలి పెట్టుకొని. ఎవరైనా అడిగితే గడ్డికి పోతున్నానని. గుట్టకిందిపల్లె దాకా గడ్డికి పోయే మనిషి లేడని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. వెనక నుంచి చూస్తే ఆమె ఎక్కడ భయపడుతుందో, ఎక్కడ పాట పాడుకుంటుందో తెలిసేది. కట్ట ఎక్కగానే కొంగు తల మీది నుంచి జారిపోయేది. తూము దగ్గర మళ్లీ కప్పుకునేది.

రెండో ఆలస్యం దసరా ముందు వానకు పడింది. వాగు నడుము లోతు వచ్చింది. తగ్గేదాకా ఒడ్డున నిలబడింది, ఇవతల దూరంగా చెట్టు చాటున నేను నిలబడ్డాను. ఇద్దరం తడిశాము. నీళ్లు మోకాలికి దిగాక సైకిలు భుజాన వేసుకొని దాటింది. నేను కాలు కూడా కదపలేదు. పోయి పట్టుకొని ఉంటే నేను ఉన్నానని తెలిసేది.

ఇక మిగిలింది ఒకటి.

*

కార్తీకంలో పల్లి వేశాము. పల్లి మొలిస్తే పందులు ఊరుకోవు. చుట్టూ ముళ్ల కంప వెయ్యాలి. అందరూ దగ్గరుందని సర్కారు తుమ్మ కొట్టి వేస్తారు. మా నాయిన రేగు కంప వేసేవాడు. రేగుకు జంట ముండ్లు, ఒకటి నిటారుగా సూదిలా, దాని పక్కనే ఇంకొకటి కొక్కెంలా వంగి. సూది గుచ్చుతుంది, కొక్కెం వదలదు. పంది ఒకసారి ముట్టె పెడితే ఆ చేనుకు మళ్లీ రాదు. అందుకని నేనూ రేగే వేస్తాను. ఆ ఏడు మా కాలువ కింద రేగు వేసింది నేనొక్కణ్ణే.

ఒక ఆదివారం గుట్ట మీద రేగు కొట్టి, మోపులు చేసి, ఎడ్లకు గొలుసుతో కట్టి లాగించుకొచ్చాను. తూము దగ్గర నుంచి కాలువ కట్ట మీదుగా చేను దాకా, రెండు కిలోమీటర్లు, ఆరు తిరుగుళ్లు. మా నాయిన అట్లాగే లాగేవాడు, నేనూ ఏటా అట్లాగే లాగాను. చేతికి ఒక్క ముల్లు గుచ్చుకోకుండా పని అయిందని సంతోషపడ్డాను కూడా.

సోమవారం పొద్దున నేను చేలో కంప నాటుతుండగా సరోజ కట్ట మీద వచ్చింది. నన్ను చూసి దిగింది.

"సగం అయింది గద మామా."

"సగమైంది. నువ్వు పో."

ఎక్కి పోయింది. మెడ తిప్పి ఆమె వీపు వంపు తిరిగేదాకా చూశాను. ఇక వెనక పోయే పని లేదు, పిల్లకు తోవ వచ్చేసింది అనుకున్నాను.

సాయంత్రం నేను ఇంట్లో ఎడ్లకు నీళ్లు పెడుతుంటే సైకిలు నెట్టుకుంటూ వచ్చింది. రెండు టైర్లూ నేలకు అతుక్కొని ఉన్నాయి.

"ఏమైంది?"

"మేకు దిగింది మామా."

"బడి అందిందా?"

ఆమె బిందె తీసుకొని నీళ్లకు పోయింది.

నేను టైరు విప్పి, ట్యూబులో గాలి కొట్టి, తొట్లో ముంచాను. బుడగలు ఒక చోట రావాలి. వరసగా వచ్చాయి. వెనక ట్యూబుకు ఏడు, ముందు దానికి అయిదు. మేకు పన్నెండు చోట్ల దిగదు. టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడిమాను. వేలికి గుచ్చుకుంది. లాగి వెలుతురుకు పట్టుకొని చూశాను. ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా.

తల ఎత్తేసరికి సరోజ నిండు బిందెతో గుమ్మంలో నిలబడి నా చేతినే చూస్తోంది.

"మేకేనా మామా?"

నేను ముల్లును గుప్పిట్లో మూశాను.

"మేకే బిడ్డా."

ఆమె లోపలికి పోయింది. కొంచెం కుంటుతోంది. వెనకనే కిష్టమ్మ గొంతు వినిపించింది, "కాలు చూపియ్. ఓ పిల్లా, చూపియ్యమంటున్న!" ఆముదం వెచ్చబెట్టిన వాసన వచ్చింది. దీపం ముందర కిష్టమ్మ కోడలి పాదం తన ఒళ్లో పెట్టుకొని సూదితో తీస్తోంది. తీసినదాన్ని వేళ్ల మధ్య పట్టుకొని చూసింది. నా వైపు చూసింది. దాన్ని పొయ్యిలో వేసింది. "నడవకపోతివి, ఉరికినవా ఏంది చెప్పులిడిసి?" అని మాత్రం అడిగింది.

"చెప్పుల్తోని ఉరకనీకి రాలేదత్తా," అంది సరోజ.

*

మరునాడు తెల్లవారుతుండగా తంగేడు కొమ్మలు చీపురులా కట్టుకొని కట్ట మీదికి పోయాను. తూము దగ్గర మొదలుపెట్టి ఊడ్చుకుంటూ వస్తున్నాను. తంగేడుతో ఊడిస్తే పెద్ద ముండ్లే వస్తాయి, విరిగిన మొనలు మట్టిలోనే ఉంటాయి. వాటిని వంగి చేత్తో ఏరాలి. అట్లా అరకిలోమీటరు కూడా కాకముందే నడుము పట్టేసింది. పొద్దు చూస్తే ఎక్కుతోంది. ఎనిమిదిన్నరకు ఆమె బయలుదేరుతుంది.

నిలబడి వీపు సాచుకుంటుంటే ఎదురుగా, చేను వైపు నుంచి దుమ్ము లేస్తూ కనిపించింది. ఎవరో ఊడ్చుకుంటూ వస్తున్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే కిష్టమ్మ. చీర కుచ్చెళ్లు ఎగదోపి, చేతిలో వాకిలి ఊడ్చే చీపురు. కొంగులో ఏరిన ముండ్లు.

ఇద్దరం కట్ట నడుమ కలుసుకున్నాము.

"నీ దిక్కు సక్కగ ఊడ్చినవా?" అని అడిగింది.

"ఊడ్చిన."

"మొగోళ్లు ఊడ్చిన తోవ నేను నమ్మ," అని నేను ఊడ్చిన వైపు మళ్లీ ఊడ్చుకుంటూ పోయింది. ఆరు ముండ్లు దొరికాయి ఆమెకు. ఒక్కొక్కటీ ఎత్తి నాకు చూపించి కొంగులో వేసుకుంది.

సరోజ వచ్చే వేళకు ఇద్దరం కాలువ గట్టు కిందికి దిగి, తుంగలో కూర్చున్నాము. పైన సైకిలు చప్పుడు వచ్చింది, పోయింది. ఆగలేదు. కిష్టమ్మ నా మోకాలి మీద చెయ్యి పెట్టింది. అట్లాగే కొంతసేపు ఉంచింది.

తర్వాత నేను బడికి పోయాను.

భానుప్రకాశ్ సారు వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. లోపల సరోజ గొంతు, పిల్లల గొంతులు. నేను మెట్టు కింద నిలబడ్డాను. సారు నన్ను గుర్తు పట్టి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదనిపించింది.

"సారూ, నిన్నటిది మూడోదా?"

"మూడోదే."

"తప్పు ఆ పిల్లది గాదు. కంప నాది. ఆదివారం ఈ కట్ట మీద నుంచె గుంజిన. రేగు కంప. మా నాయిన గట్లనె గుంజెటోడు, నేనూ గుంజిన. ఆమె తొక్కే తోవ గదా అని నాకు యాదికి రాలే. రాసేదుంటె నా పేరు రాయండ్రి. తోవ ఊడ్చినం. నేను, నా పెండ్లాం. ఇంక ముండ్లు లెవ్వు."

చెప్పి ఊపిరి తీసుకున్నాను. సారు రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు.

"చదవగలరా?"

"ఏడు చదివిన సారూ."

నిన్నటి తారీఖు ఎదురుగా సరోజ చేతిరాత. వచ్చిన సమయం దగ్గర పదికి పది నిమిషాలు తక్కువ అని ఉంది.

"ఇది నేను రాసింది కాదు," అన్నాడు సారు. "నిన్న నాకు ఆత్మకూరులో బస్సు దొరకలేదు. పదిన్నరకు వచ్చాను. వచ్చేసరికి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు, ఈమె చెప్పుల్లేకుండా బోర్డు ముందర నిలబడి ఉంది. రిజిస్టరు ఆమె దగ్గరే ఉంది. తొమ్మిదిన్నర అని రాసుకుంటే నాకు తెలిసేదే కాదు."

నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఇంకోసారి చదివాను.

"ఇప్పుడు నేను ఇది పైకి పంపితే రెండు పేర్లు పంపాలి గదా, వీరన్నా? మొదట నాది రాయాలి." నవ్వాడు. కలం తీసి కారణం అన్న గడిలో రాశాడు. రాసి నా వైపు తిప్పాడు. 'తోవలో ముండ్లు. తోవ బాగయింది' అని ఉంది.

లోపల పిల్లలు పన్నెండో ఎక్కం దగ్గర తప్పారు. సరోజ మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. నేను అది అయ్యేదాకా విని వచ్చేశాను.

*

పున్నమికి రెండు రోజుల ముందు మల్లేశు వచ్చాడు. దేవరాజు కూడా జీపుతో వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. సరోజ బడికి పోయి ఉంది.

"కిష్టక్కా, బట్టలు సర్దుకొమ్మను మీ కోడల్ని. ఎల్లుండి పొద్దున డాంబరు రోడ్డు మీద జీపు నిలబెడత."

నేను నోరు తెరిచే లోపల కిష్టమ్మ అందుకుంది.

"మా కోడలు పంతులమ్మ. ఆమెకు తీరదు. నీకు జోడి కావాలంటె నీ పెండ్లాన్ని తీసుకపో. తట్ట మోసి ఎన్నేండ్లయింది, ఆమెక్కూడ ఒళ్లు అరుగుతది."

దేవరాజు మల్లేశు వైపు చూశాడు. మల్లేశు తల వంచుకొని గోడకు ఆనించిన కంప కొడవలి మొన చూస్తున్నాడు. "ఎల్లుండి చూద్దాం లెండ్రి," అన్నాడు. అటు మాటా కాదు, ఇటు మాటా కాదు.

ఆ సాయంత్రం నా దగ్గర కూర్చున్నాడు.

"నాయినా, ఊరంత నవ్విండ్రంట గద, మేడి కట్టినవని."

"నవ్విండ్రు."

"నీకు సిగ్గు గాలేదా?"

"పనిల ఉంటి."

మూడో రోజు పొద్దున మల్లేశు సంచి భుజాన వేసుకొని బయలుదేరాడు. సరోజ సైకిలు తీసింది. "రోడ్డు దాంక నేను దించుత, కూసో," అంది. వాడు వీధి ఇటూ అటూ చూశాడు. జోగులమ్మ బిందెతో రానే వచ్చింది. "కూసో మల్లేశూ, పడేస్తె మీ నాయిన ఉన్నడు హో అననీకి," అంది. వాడు చేసేది లేక క్యారియర్ మీద, మేడికి ముందర ఇరుక్కొని కూర్చున్నాడు. సైకిలు ఒకసారి ఊగింది. కుదురుకుంది. పోయింది.

నేను ఎడ్లను తోలుకొని వెనక నడిచాను. డాంబరు రోడ్డు దగ్గర జీపు నిలబడి ఉంది. దూరం నుంచి చూస్తున్నాను, మాటలు వినపడలేదు. మల్లేశు దిగాడు. సరోజ ఒక కాలు నేల మీద ఆనించి అతనితో ఏదో చెప్పింది, చేతి గడియారం చూసుకుంది, రోడ్డు దాటి వాగు వైపు తొక్కింది. దేవరాజు జీపు దిగి చేతులు తిప్పుతున్నాడు. నేను వాళ్లకు దూరంగానే ఎడ్లను రోడ్డు దాటించి వాగు వంపులో పడ్డాను, చెట్లు అడ్డం వచ్చాయి.

చేలో ఎడ్లను విప్పి కట్టేసి, సగంలో ఆగిన కంప దగ్గర నిలబడ్డాను. ఆ సోమవారం తర్వాత నేను మళ్లీ కంప తేలేదు. కొట్టిన మోపులు గుట్ట మీదనే ఉన్నాయి. తెరిచి ఉన్న వైపు నుంచి పందులు వచ్చి రెండు సాళ్లు పెకిలించి పోయాయి.

కట్ట మీద అడుగుల చప్పుడైంది. మల్లేశు. భుజాన సంచి అట్లాగే ఉంది.

"పోలేదా?"

"జోడి లేకుంటె ఒద్దన్నడు."

సంచి కంప మీద పెట్టబోయి, ముండ్లు చూసి, నేల మీద పెట్టాడు. కాలువలో చేతులు కడుక్కున్నాడు. కడుక్కుంటూ, అటే తిరిగి అన్నాడు.

"నేను గూడ బతిమాలలే."

 వాడు లేచి చేను చుట్టూ చూశాడు.

"కంప సగమే ఏసినవేంది నాయినా? పందులు పడుతుంటె?"

"మిగిలింది గుట్ట మీదుంది."

"ఎడ్లను కట్టు, గుంజుకొద్దాం."

"గుంజొద్దు. మొయ్యాలె."

"రెండు కిలోమీటర్లా? నెత్తి మీదనా?"

"నెత్తి మీదనే."

వాడు నా ముఖం చూశాడు. కట్ట వైపు చూశాడు. కట్ట మీద ఒకే ఒక్క టైరు గీత, పోతూ పడింది, వాకిలంత శుభ్రంగా ఉన్న మట్టిలో. తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు.

ఆ రోజంతా మోశాము. మోపు కింద గోనె పట్టా, పట్టా కింద చుట్టబట్ట, అయినా మెడ మీద గీరుతూనే ఉంది. ఏదైనా రాలితే ఆగి, ఒకరు మోపు పట్టుకుంటే ఇంకొకరు వంగి తీశాము. నాలుగో తిరుగులో పొద్దు వాలింది. ఎదురుగాలి పెరిగింది.

కట్ట మీద ఒకరి వెనక ఒకరం వస్తున్నాము, వెనక నుంచి బెల్లు మోగింది. నెత్తిన మోపుతో తిరిగి చూడలేము. నేను చెవి పెట్టి నడుస్తున్నాను. ఇప్పుడు బ్రేకు కీచుమంటుంది, చెప్పులు నేలకు తాకుతాయి, వెనక నాలుగడుగుల దూరంలో ఆమె సైకిలు నెట్టుకుంటూ వస్తుంది. రోజూ వినే చప్పుడు.

బెల్లు మళ్లీ మోగింది, ఈసారి దగ్గరగా.

"మామా, జరుగు జర!"

నేను గట్టు అంచుకు జరిగాను. నా వెనక మల్లేశు కూడా జరిగాడు. సైకిలు మా పక్క నుంచి పోయింది. ఎదురుగాలికి ముందుకు వంగి, కొంగు మెడ చుట్టూ చుట్టి దోపుకొని, మెల్లగా, ఆగకుండా తొక్కుతోంది. క్యారియర్ వెనక మేడి నిటారుగా నిలబడి ఉంది. దానికి పుస్తకాల సంచి ఊగుతోంది.

మల్లేశు మోపు కింద నుంచి ఆ మేడినే చూశాడు.

"నాయినా, దిగలే ఆమె."

"దిగితె లేటయితది."

"ఇంటికి పోయేదానికి లేటేంది?"

నేను నెత్తి మీది కంప సర్దుకొని, కింద ఏమైనా రాలిందేమోనని తోవ చూసుకుంటూ నడిచాను.